తెల్లాయన ఊరు, మంగ్లాలో మడిచెక్క

రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాళ్ళకు "ఆ రోజుల్లో" అని మొదలుపెట్టే హక్కు మిగతావాళ్ళ కంటే కాస్త ఎక్కువే ఉంటుందని నా నమ్మకం. ఎందుకంటే ఆ రోజుల్లో మేము బతికింది ఒక ఊళ్ళో, మనసులో కాపురం పెట్టింది ఇంకో ఊళ్ళో. ఉన్నది బిలాస్‌పూర్‌లో. మా తాత అక్కడ పట్టాల మీద పని చేశాడు, మా నాన్న అక్కడే బొగ్గింజను డ్రైవరు. నేను పుట్టింది అక్కడి రైల్వే ఆసుపత్రిలో, చదివింది అక్కడి హిందీ బడిలో, తిట్లు నేర్చుకున్నది అక్కడి వీధి కుళాయి దగ్గర. అయినా మా ఇంట్లో "ఊరు" అంటే టెక్కలి దగ్గర ఒక పల్లె. వేసవి సెలవుల్లో పాసు మీద వెళ్ళి, రెండు వారాలు ఉక్కపోతలో విసనకర్రలు ఊపుకొని, ఒళ్ళంతా చెమటకాయలతో తిరిగొచ్చే ఆ పల్లె మా ఊరు. ఏడాది పొడుగునా ఉండే చోటు పేరు మాత్రం "ఇక్కడ". పేరు పెట్టి పిలిచేంత చనువు మేము బిలాస్‌పూర్‌కి ఎప్పుడూ ఇవ్వలేదు.

ఇది మా ఒక్కరి జబ్బు కాదు, కాలనీలో ఉన్న మావాళ్ళందరిదీ. మంచి స్టీలు సామాను కొంటే ట్రంకు పెట్టెలోకి వెళ్ళేది, "ఊరెల్లాక వాడుకుందుం" అని. సొట్టలు పోయినవి "ఇక్కడికి". నేను జామ మొక్క తెచ్చి పెరట్లో నాటబోతే అమ్మ, "అది కాయ కాసీసరికి మనం ఇక్కడుంటామేటే" అని ఆపేసింది. (మాకంటే ముందు ఆ క్వార్టర్‌లో ఉన్న బెంగాలీవాళ్ళు అలా అనుకోకుండా నాటిన మామిడిచెట్టు కాయలతో మాత్రం ఏటేటా ఆవకాయ పెట్టేది.) ఇక నాన్న జీతంలో మిగిలినదంతా ఊళ్ళో కడుతున్న ఇంటికి పోయేది. ఆ ఇల్లు వేసవికి ఒక గోడ చొప్పున లేచేది. మేము వెళ్ళి, లేచిన గోడని చేత్తో తట్టి, పెదనాన్న చెప్పిన ఖర్చులకు తలూపి, మళ్ళీ రైలెక్కేవాళ్ళం. తాజ్‌మహల్ దీనికంటే తొందరగా అయిపోయి ఉంటుందని నేను ఒకసారి అంటే నాన్న నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అలాంటి మా ఇంటికి ఎనభైల నడుమ ఒక శీతాకాలం ఒక అమెరికావాడు వచ్చాడు. బొగ్గింజన్లు వెళ్ళిపోయే కాలమది. వాటిని కళ్ళారా చూసి ఫోటోలు తీసుకోవడానికి దేశదేశాల నుంచి కొంతమంది పిచ్చివాళ్ళు వచ్చేవారు. ఈయన వాళ్ళలో ముసలివాడు. ఆ దేశంలో ఇంజను డ్రైవరు చేసి రిటైరైనవాడు. ఇంజన్లు నిలిపే షెడ్డులో నాన్న ఇంజను చుట్టూ తిరిగి తిరిగి, చివరికి దాని చక్రం మీద చెయ్యివేసి ఏడ్చాడట. ఏడ్చినవాణ్ణి ఉత్తినే పంపడం మా ఇళ్ళల్లో లేదు కాబట్టి నాన్న ఆయన్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకొని టీకి తీసుకొచ్చాడు. ఆ ఆరడుగుల మనిషి కాళ్ళు రెండు వైపులా నేలకు ఆనుతుండగా సైకిలు మా వీధిలోకి వచ్చిన దృశ్యం గురించి కాలనీలో చాలా కాలం చెప్పుకున్నారు. వచ్చిన రోజే ఆయన పేరు "తెల్లాయన" అయిపోయింది.

ఇంట్లో బి.ఏ. చదివినది నేను. అప్పుడే టైపు పరీక్ష నెగ్గి, ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి, ఉద్యోగస్థురాలినని నేల మీద నడవడం మానేసిన రోజులు. "అమ్మడూ, ఆయనేటంటన్నాడో సెప్పు" అన్నాడు నాన్న. నాకు ఇంగ్లీషు అర్థమయ్యేది అది కాగితం మీద కదలకుండా ఉన్నప్పుడే. ఆయన నోట్లోంచి అది గూడ్సు బండిలా ఎక్కడా ఆగకుండా పోతోంది. అయినా ఇంటి పరువు నా చేతిలో ఉంది కదా అని, వినబడిన నాలుగు ముక్కలకి నా సొంతవి ఆరు కలిపి చెప్పడం మొదలుపెట్టాను. తెల్లాయన అమ్మని, "మీరు ఈ ఊళ్ళో ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారు?" అని అడిగాడు. అది నాకు స్పష్టంగానే అర్థమైంది. అమ్మ కొంగు సర్దుకొని, "ఎన్నాల్లేటి, ఇంక కొద్ది రోజులే. రిటైరైతే ఎల్లిపోతాం" అంది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన జాలిగా చూసి, "అయితే కొత్తగా వచ్చారన్నమాట, అలవాటు పడటానికి టైం పడుతుంది" అన్నాడు. అమ్మ ఆ క్వార్టర్‌లోకి కాపురానికి వచ్చి అప్పటికి పాతికేళ్ళు దాటింది.

ఆ శీతాకాలమంతా ఆయన గోల్ బజార్ దగ్గర ఒక లాడ్జిలో దిగి, పగలు ఇంజన్ల దగ్గర, సాయంత్రం మా వరండాలో గడిపాడు. మాటల్లో ఎక్కువ భాగం ఆయన ఊరే. అమెరికా అంటే మేమనుకునే మేడలూ మెరుపులూ ఏవీ లేవు. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యన ఒక చిన్న ఊరు, ఆ ఊరికి ఒక షెడ్డు. (ఊరి పేరు రాయను. మా వీధిలో ఏ ఇద్దరూ దాన్ని ఒక్కలా పలకలేదు, ఇప్పుడు ఏది అసలుదో నాకూ తెలియదు.) ఆ ఊరికి నూరేళ్ళు నిండినప్పుడు ఊరివాళ్ళే చందాలేసుకొని వాళ్ళ చరిత్ర ఒక పుస్తకంగా వేసుకున్నారట. అందులో ఫోటోలతో సహా మంగలి దగ్గర నుంచి మేయరు దాకా అందరూ ఉన్నారు. ఆ పుస్తకం ఆయన సంచీలోనే ఉండేది. మేము దేవుడి పటం పట్టుకున్నట్టు పట్టుకునేవాడు.

రోజూ సాయంత్రం ఆ పుస్తకంలో నాలుగు పేజీలు నేను తెలుగు చేసి చెప్పడం అలవాటైంది. మొదట మా ఇంట్లోవాళ్ళే వినేవారు. తరవాత పక్క క్వార్టర్‌లోని రైలు గార్డుగారి భార్య, మా గార్డు పెద్దమ్మ, బియ్యం ఏరుకునే చేటతో సహా వచ్చి కూర్చుంది. ఆవిడ వెనక వీధి వీధంతా వచ్చింది. ఆ ఊళ్ళో మొదటి రోజుల్లో రైలు పనివాళ్ళకి వండిపెట్టిన ఒక వితంతువు ఉండేదట. మా వీధి ఆవిడకి పూటకూళ్ళమ్మ అని పేరు పెట్టింది. ఆవిడ అరవై దాటాక టెలిగ్రాఫు గుమాస్తాని మూడో పెళ్ళి చేసుకుందని నేను చదివిన సాయంత్రం గార్డు పెద్దమ్మ చేట తీసుకొని లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి, నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "అది సరేగాని, ఆయనితోటైనా ఆవిడ సుకపడిందా లేదా, అది సెప్పు" అంది. పుస్తకంలో ఆ సంగతి లేదు. నేనే సుఖపెట్టేశాను.

అన్నిటికంటే మా వీధిని ఊపేసినది ఇల్లు కదిలించిన కథ. ఊరు మొదలైన చోట ఒక భూస్వామి రైలుకి నేల ఇవ్వనన్నాడట. రైలువాళ్ళు సరే అని మూడు మైళ్ళ అవతల స్టేషను కట్టుకున్నారు. అప్పుడు ఊరివాళ్ళు ఏం చేశారంటే, చెక్క ఇళ్ళని పునాదుల నుంచి లేపి, కింద దుంగలు వేసి, ఎడ్లతో లాగించుకొని, ఇళ్ళకి ఇళ్ళే స్టేషను పక్కకి దొర్లించుకొచ్చారు. ఇదంతా నేను కల్పించానని వీధి తీర్మానించింది. "ఇల్లు దొర్లించడమేటే, అబద్దమాడినా అతికినట్టుండాలి" అంది పెద్దమ్మ. నిజమన్నవాడు నాన్న ఒక్కడే. "పట్టాలు తప్పిన ఇంజన్ని జాకీలెట్టి మేం లేపటం లేదేటి. లేపితే లేస్తాది" అని, కాసేపు ఆగి, "మడిసికి బుద్దుండాల గాని" అన్నాడు. ఆ బుద్ధి అన్న మాట ఎవరి గురించో అప్పుడు నాకు తట్టలేదు.

ఇంకో రోజు నాన్న తనే ప్రశ్న వేశాడు. "మీ సెడ్డు మూసీసినాక మీరు ఏ ఊరెల్లినారో అడుగు." అడిగాను. షెడ్డు మూసేశారు, సగం దుకాణాలు మూతపడ్డాయి, పిల్లలు ఇంకెక్కడికో పోయారు, తను మాత్రం అక్కడే ఉన్నానని చెప్పాడు తెల్లాయన. "ఎందుకని?" అని నాన్న. తెల్లాయనకి ప్రశ్నే అర్థం కాలేదు. నా అనువాదం మీద అనుమానంతో మళ్ళీ అడిగించుకున్నాడు. చివరికి, "మా ఊరు కదా" అన్నాడు. ఆయన తండ్రి ఓడెక్కి వేరే దేశం నుంచి వచ్చినవాడని అంతకు ముందే చదివాం. ఆ పుస్తకంలో ప్రతివాడూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాడే. నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. తరవాత నాతో, "అంతమందిలో ఒక్కడైనా తిరిగి ఎనక్కెల్లినట్టు రాసుందేటే?" అన్నాడు. పేజీలన్నీ తిప్పి చూశాను. లేదు.

వెళ్ళిపోయే ముందు తెల్లాయన ఒక కోరిక కోరాడు. మావాళ్ళు బిలాస్‌పూర్ ఎలా వచ్చారో, ఎవరెవరు ఏం చేశారో నాలుగు కాగితాలు టైపు చేసి పంపితే వాళ్ళ ఊరి గ్రంథాలయంలో పెట్టిస్తానన్నాడు. నా ఆనందానికి హద్దు లేదు. అమెరికా గ్రంథాలయంలో నా రచన. మర్నాడే ఇల్లిల్లూ తిరిగాను. గార్డు పెద్దమ్మ నన్ను కూర్చోబెట్టి, ఇచ్ఛాపురంలో వాళ్ళ కొబ్బరితోట, ఆ తోటలో దిబ్బమీద పాము, ఆ పాముకి పాలు పోసిన అత్తగారు, అన్నీ గంటసేపు చెప్పింది. "మరి ఇక్కడి సంగతి చెప్పు పెద్దమ్మా" అంటే, "ఇక్కడ సంగతేటుంటాది. డూటీకి ఎల్తన్నారు, జీతం వస్తంది" అంది. పలాసావాళ్ళు పలాస చెప్పారు, పార్వతీపురంవాళ్ళు పార్వతీపురం చెప్పారు. నలభై ఏళ్ళు బతికిన ఊరి గురించి చెప్పడానికి వీధిలో ఒక్కరి దగ్గరా ఒక్క వాక్యం లేదు. చివరికి నాన్నని అడిగితే, "మనది కాని ఊరు గురించి మనమేటి రాస్తాం, తప్పు కదూ" అన్నాడు. ఆ కాగితాలు వెళ్ళనే లేదు.

కానీ నాన్న లోపల ఏదో కదిలింది. నాన్నతో ఏళ్ళ తరబడి ఇంజను మీద బొగ్గు వేసిన ఛత్తీస్‌గఢీ ఫైర్‌మన్ ఒకాయన ఉండేవాడు. మేము కాకా అనేవాళ్ళం. ఆయనది మంగ్లా. అప్పటికది బిలాస్‌పూర్ అవతల పల్లెటూరు. తన ఇంటి పక్క మడిచెక్క అమ్మకానికి వచ్చిందని, అది నాన్న తీసుకుంటే ఇద్దరూ ముసలితనంలో ఒకే గోడకి చెరోవైపు కూర్చుని బీడీ కాల్చుకోవచ్చని కాకా చాలా రోజుల నుంచి వెంటపడుతున్నాడు. అన్నాళ్ళూ నవ్వేసిన నాన్న, ఆ ఆదివారం మాత్రం నన్ను సైకిలెక్కించుకొని మంగ్లా వెళ్ళాడు. కోత కోసేసిన వరిమడి, గట్టున ఒక బావి, అంతే. కాకా పొలం హద్దులు నడిచి చూపించాడు. నాన్న వంగి చేతిలోకి మట్టి తీసుకొని నలిపి చూశాడు. ఇల్లు ఏ వైపు తిరిగి ఉండాలో కాకాతో ఛత్తీస్‌గఢీలో వాదించాడు కూడా. అంత ఉత్సాహంగా నాన్న టెక్కలి ఇంటి గురించి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఏటంటావే?" అన్నాడు తిరిగి నావైపు. ఉద్యోగస్థురాలిని, బి.ఏ.ని, అమెరికా పట్టణాల చరిత్రలో పండితురాలిని. నేను చుట్టూ చూశాను. దీపం స్తంభం లేదు. రెండు గేదెలు నన్ను చూస్తున్నాయి. "సిటీ ఇక్కడిదాకా ఏనాటికీ రాదు నాన్నా" అని తీర్పు చెప్పాను. (ఇప్పుడు ఆ గేదెలు నిలబడ్డ చోట మిఠాయి దుకాణం, రెండు కోచింగ్ సెంటర్లు, బండి నిలపడానికి చోటు దొరకని రోడ్డు ఉన్నాయి. నా దూరదృష్టి అలాంటిది.) నాన్న నా మాట పెద్దగా పట్టించుకోలేదు. "సిటీ వస్తే రానీ, లేపోతే మానీ, వీడుంటాడు కదా" అన్నాడు కాకాని చూపించి. వచ్చే నెల మాటాడుకుందామని చెప్పి బయల్దేరాం. దారి పొడుగునా నాన్న ఈల వేస్తూ సైకిలు తొక్కాడు.

వచ్చే నెల పెదనాన్న వచ్చాడు. ఊళ్ళో ఇంటికి పెంకు కప్పిద్దామనుకున్నది ఇప్పుడు మానెయ్యాలని, శ్లాబు వెయ్యకపోతే తలెత్తుకు తిరగలేమని చెప్పాడు. "నీకేటి తక్కువ, రైల్వేవోడివి. ఎదురింటోడు శ్లాబేసీసినాడు. మనం పెంకులేసుకుంటే ఊర్లో ఏటనుకుంటారు?" శ్లాబూ మడిచెక్కా రెండూ నాన్న వల్ల అయ్యేవి కావు. అమ్మ వంటింట్లోంచే, "ఆ మంగ్లాదేదో సూడకూడదా" అంది. తన కోసం అమ్మ ఏదైనా అడగడం నేను విన్నది అదొక్కసారే. నాన్న వంటింటి వైపు చూశాడు. తరవాత, "ఎంతైనా ఊరు ఊరే కదా" అన్నాడు. ఆ వేసవికి శ్లాబు పడింది. మడిచెక్క ఎవరో బ్యాంకాయన కొనుక్కున్నాడు. కాకా కోపగించుకోలేదు, ఆయన కోపం తెలిసిన మనిషి కాదు. అచ్ఛా, తోర్ మర్జీ, సరే నీ ఇష్టం, అని ఊరుకున్నాడు.

తొంభైలు వచ్చాయి. నాన్న రిటైరయ్యాడు. షెడ్డువాళ్ళు మెడలో దండలేసి, డోలు వాయించుకుంటూ క్వార్టర్‌దాకా దిగబెట్టారు. నాకప్పటికి అక్కడే, అదే రైల్వేలో పనిచేసే ఆయనతో పెళ్ళైంది. అమ్మానాన్నలు ట్రంకు పెట్టెల్లోని మంచి సామానుతో ఊరెళ్ళారు. అక్కడ ఆ సామాను బయటికి తీసి వాడారు కూడా. కాని ఊళ్ళో వాళ్ళకి పేరు పడింది: బిలాస్‌పూరోళ్ళు. నాన్న మాట మాటకీ అచ్ఛా అనేవాడు, రచ్చబండ దగ్గర పిల్లలు ఆయన్ని అచ్ఛా తాత అనేవారు. ఎవరింట్లో పెళ్ళైనా భోజనాల దగ్గర పైఊరి చుట్టాలతో కూర్చోబెట్టేవారు, వడ్డించడానికి పిలిచేవారు కాదు. మేము సెలవుల్లో వెళ్తే ఇరుగువాళ్ళు నాన్ననే అడిగేవారు, "మరి మీ ఊరెప్పుడెల్తన్నారు?" అని. నాన్న మొదట్లో నవ్వేవాడు. తరవాత నవ్వడం మానేశాడు.

ఒకసారి నాన్న బిలాస్‌పూర్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు మంగ్లా వెళ్దామన్నాడు. అప్పటికే రోడ్డు పడింది, ఇళ్ళు లేస్తున్నాయి. కాకా ఇంటి పక్క బ్యాంకాయన మేడ. కాకా పరుగున వచ్చి నాన్నని వాటేసుకొని, మంచం వాల్చి, టీ పెట్టించి, కులాసాలన్నీ అయ్యాక, చుట్టాల్ని అడిగినట్టే ఎంతో ప్రేమగా అడిగాడు: "కతేక్ దిన్ రహిబే భైయా?" ఎన్ని రోజులుంటావు అని. ఛత్తీస్‌గఢీ నాన్నకి నాకంటే బాగా వచ్చు. అయినా అనువాదం కావాలన్నట్టు నావైపు చూశాడు. "ఇంక ఇక్కడే ఉంటారు కాకా" అని నేను అందుకున్నాను. కాకా ముఖం వెలిగిపోయింది. తిరిగి వస్తున్నప్పుడు నాన్న, "ఎందుకే అలగ సెప్పినావు, సోమారం బండికి పాసు రాయించుకున్నాను కదా. అల్లుడి క్వార్టర్లో ఎన్నాల్లుంటాం" అన్నాడు. సోమవారం వెళ్ళిపోయాడు. స్టేషనులో బండి కదిలాక, మామూలుగా ఇంజను వైపు చూసే మనిషి, ఆ రోజు ప్లాట్‌ఫారం అయిపోయేదాకా వెనక్కి, ఊరివైపే చూశాడు. నాన్న పోయినప్పుడు మా పల్లెలో కబురు ఇలా వెళ్ళిందట: "బిలాస్‌పూర్ డ్రైవరు గారు పోయినారు."

నేనూ మా ఆయనా రిటైరయ్యాక ఆ పొరపాటు చెయ్యలేదు. ఇక్కడే ఒక ఫ్లాటు కొనుక్కున్నాం. మంచి కంచాల్లోనే తింటున్నాం. బాల్కనీలో కుండీలో నిమ్మచెట్టు కాయ కూడా కాసింది. పోయిన వారం ఎదురింట్లోకి రాయ్‌గఢ్ నుంచి ఒక చిన్న జంట వచ్చింది. పాలు తోడు పెట్టుకోవడానికి పెరుగు అడగడానికి వచ్చిన ఆ అమ్మాయి, నేను పెరుగు గిన్నె అందిస్తుంటే, మర్యాదకి, "ఆప్ లోగ్ కహాఁ కే హైఁ, ఆంటీ?" అని అడిగింది. మీది ఏ ఊరు అని. ఇక్కడే పుట్టాను. ఇక్కడే చదివాను, ఇక్కడే ఉద్యోగం చేశాను, ఇక్కడే జుట్టు నెరిసింది. మా వీధి మొత్తాన్ని ఈ విషయంలో నలభై ఏళ్ళుగా వెక్కిరిస్తున్నాను.

"టెక్కలి" అన్నాను.